సర్దారు బండి సప్పుడు

సదయ్య సర్దారు తన బండికి సైలెన్సర్ మార్పించుకున్నాడన్న సంగతి ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. లక్ష్మీనగర్‌లో బయలుదేరిన బండి గోదావరిఖని చౌరస్తాకు ఇంకా రాకముందే, అక్కడ చాయ్ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని అటు తిరిగారు. ఆ చప్పుడుకు ఇరవై ఏళ్ళ పిల్లగాడెవడో వస్తాడనుకున్నారు. వచ్చింది నెత్తి నెరిసిన మనిషి. మెడలో తువ్వాల, హ్యాండిలుకు వేలాడే సంచిలో అన్నం డబ్బా, వయసు అరవైకి రెండు నెలలు తక్కువ.

"ఏంది కాకా, రేసుకు పోతున్నవా?" అని ఒకడు గట్టిగానే అడిగాడు.

ఆ మాట సదయ్యకు వినబడలేదు. బండి చప్పుడు వినబడింది. అతనికి కావలసింది అదే.

మూడేళ్ళుగా అతని చెవులు మొరాయిస్తున్నాయి. మొత్తానికి పోలేదు. లారీ వస్తే తెలుస్తుంది, ఉరుము తెలుస్తుంది, షిఫ్టు సైరన్ తెలుస్తుంది. పోయినవి సన్నటి చప్పుళ్ళు. పిచ్చుకలు పోయాయి, కుక్కర్ విజిల్ పోయింది, జేబులో ఫోను మోత పోయింది. చిన్నపిల్లలు మాట్లాడితే పెదవులు ఆడుతున్నట్టు కనిపిస్తుంది, అంతే. ముప్పై నాలుగేళ్ళు బాయిలో దిగిన మనిషి. నీళ్ళు చేదినా బొగ్గు చేదినా ఆ ప్రాంతంలో బాయే అంటారు. డ్రిల్లింగ్ మిషన్ల పక్కన, ఫ్యాన్ల ముందర అన్నేళ్ళు గడిపిన చెవులు అంతకంటే ఏం మిగులుతాయి.

చెవులు పోయిన మాట లోకానికి తెలియకుండా నెట్టుకొస్తుంటే అడ్డం తిరిగింది బండి. రెండేళ్ళ కింద కొన్నది. ఈ కాలపు బండ్లు నోరు మూసుకుని నడుస్తాయి. స్టార్టయిందో లేదో తెలియక, నడుస్తున్న ఇంజనుకే మళ్ళీ సెల్ఫ్ నొక్కేవాడు. అది గర్రుమని పళ్ళు కొరికేది. పెట్రోల్ బంకులో ఒకసారి, కూరగాయల మార్కెట్ దగ్గర ఒకసారి అట్లా అయింది. మూడోసారి బాయి దగ్గర హాజరు వేసే మస్టర్ ఆఫీసు ముందర అయింది. అక్కడ ఓవర్‌మ్యాన్ భూపాల్ నిలబడి ఉన్నాడు. షిఫ్టులో సదయ్యకు పైవాడు, వయసులో పాతికేళ్ళు చిన్నవాడు. భూపాల్ నవ్వి లోపలికి పోయాడు. ఆ నవ్వు సదయ్యను రెండు రోజులు వెంటాడింది.

ఎందుకంటే సర్దారు నౌకరీ చెవి మీద నడిచే నౌకరీ. షిఫ్టు మొదలయ్యాక బొగ్గు తీసే చోటికి అందరికంటే ముందు పోవాలి. చేతిలో కర్ర ఉంటుంది. ఆ కర్రతో నెత్తి మీది రాతికప్పును, బాయిలో రూఫు అంటారు దాన్ని, అడుగడుగునా తట్టాలి, తట్టి వినాలి. సదయ్యకు ఈ విద్య నేర్పిన పాత సర్దారు రెండే ముక్కల్లో చెప్పాడు. "మంచి రూఫు కంచు లెక్క పల్కుతది. చెడ్డ రూఫు సొరకాయ బుర్ర లెక్క పల్కుతది. గీ రెండు యాదికుంటె నువ్వు బతుకుతవ్, నీ ఎన్క ఉన్నోళ్ళు బతుకుతరు." కంచులా పలికితే సర్దారు పాస్ అంటాడు, మనుషులు లోపలికి వస్తారు. బుర్రలా పలికితే ఎవరినీ రానీయడు. పొర విడిచిన ఆ రాయిని గడ్డపారలతో ముందుగానే దింపిస్తాడు. దానికి డ్రెస్సింగ్ అని పేరు.

సదయ్య చెవికి ఇరవై ఏళ్ళుగా పేరుండేది. అతను పాస్ అన్న చోట అన్నం డబ్బా విప్పుకుని కూర్చోవచ్చనేవాళ్ళు.

మూడేళ్ళ కింద ఒక వారం బాయిలో రూఫంతా ఒక్కసారిగా చెడిపోయింది. ఎక్కడ తట్టినా బుర్రే. సదయ్య ప్రతి చోటా డ్రెస్సింగ్ పెట్టించాడు. గడ్డపారల మొనలు అరిగాయి గానీ చిన్న పెళ్ళ కూడా ఊడి రాలేదు. "సర్దారుకు రిటైర్మెంటు భయం పట్టుకున్నది, ఇంక మనల్ని కడుపుల దాసుకుంటడు" అని మనుషులు ఎగతాళి చేశారు. అప్పుడు అర్థమైంది అతనికి, చెడింది రూఫు కాదని. కంచు పలుకులో ఉండే సన్నటి ఖంగు తన చెవికి చేరడం మానేసింది. అది లేకపోతే మంచి రూఫూ బుర్రే, చెడ్డ రూఫూ బుర్రే.

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. సదయ్య చెవి అని ఊరంతా అన్న నోటితో సదయ్య చెవుడు అని అనిపించుకోవడం చేతకాలేదు. దానికి బదులు ఒక ఉపాయం కనిపెట్టాడు.

ఉపాయం పేరు ముత్యం. రూఫుకు బోల్టులు దిగ్గొట్టే సపోర్ట్‌మ్యాన్. ఇద్దరూ ఒకే లైనులో క్వార్టర్లు, ఒకే బండి మీద డ్యూటీకి వస్తారు, ఇరవై ఏళ్ళ స్నేహం. ముత్యం కూడా ఇన్నేళ్ళుగా రూఫు పలుకు విన్నవాడే. పైగా అతని మొఖం ఏదీ దాచుకోలేదు. సదయ్య కర్రతో రూఫును తట్టేవాడు, టోపీకున్న దీపాన్ని పక్కకు తిప్పి ముత్యం మొఖం చూసేవాడు. ముత్యం నొసలు ముడిపడితే డ్రెస్సింగ్. మొఖం తేటగా ఉంటే పాస్. ఇట్లా దాదాపు మూడేళ్ళు గడిచాయి. ఎవరి మీదా రాయి పడలేదు. పడకపోయేసరికి సదయ్యకు ఆ ఉపాయం మీద నమ్మకం కుదిరింది. అరవై ఒకటి నిండితే రిటైర్మెంటు, ఇక మిగిలింది పద్నాలుగు నెలలు. అవి కూడా ఇట్లాగే వెళ్ళిపోయేవేమో, బండి పరువు తీయకపోతే.

అందుకని ఒక ఆదివారం పొద్దున రఘుపతి మెకానిక్ షాపుకు పోయాడు.

"ఏంది కాకా, మొన్ననే సర్వీసింగ్ చేసిస్తి గద" అన్నాడు రఘుపతి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ.

"బరువున్నదిరా బండి."

"బరువా?"

"డబుల్ స్టాండ్ ఎయ్యాలంటె మోకాలు పట్టుకుంటుంది. సైలెన్సరే ఐదు కిలోలుంటదట. అది పీకి తేలికది ఎయ్యి. ఫోన్ల జూసిన, వస్తున్నయట గద."

రఘుపతి అతన్ని కింద నుంచి పైదాకా చూశాడు. "వస్తున్నయి. పోరగాండ్లు ఏపిచ్చుకుంటున్నరు. పోలీసోళ్ళు ఊడబీకి రోడ్డు రోలర్ కింద ఏసి తొక్కిస్తున్నరు. మోకాలు నొస్తె దవాఖానకు పోవాలె గని సైలెన్సర్ మారుస్తరా ఎవరన్న?"

"సప్పుడైతె ఐతది తియ్యి."

"నేను సప్పుడు ముచ్చటే తియ్యకపోతి గద కాకా."

సదయ్య బండి హ్యాండిలు పట్టుకున్నాడు. "నీతోని కాదంటె చెప్పు. మంచిర్యాల పోత."

ఈ మాటకు లొంగని మెకానిక్ ఆ జిల్లాల్లోనే లేడు. రఘుపతి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ముందు నట్లకు నూనె కొట్టి కాసేపు నాననిచ్చాడు. ఇంజను మొఖాన రెండు నట్లుంటాయి, వేడికి కాలి కాలి పట్టేసి ఉంటాయి. తొందరపడితే మర తెగి సగం బోల్టు ఇంజనులోనే ఉండిపోతుంది. అది రఘుపతికి తెలుసు. ఒక నట్టు మర్యాదగా వచ్చింది. రెండోది ముక్కుతూ మూలుగుతూ వచ్చింది, దాని మర సగం అరిగిపోయి ఉంది. సెన్సర్ వైరు విప్పి పక్కకు కట్టాడు. వెనక బిగింపు తీసేసరికి పాత సైలెన్సర్ ఒడిలోకి వచ్చి పడింది, నిండు బిందెలా. తూకం కాటాకు వేలాడదీస్తే ఐదు కిలోల చిల్లర. కొత్తది, ఇంజను నుంచి వంపు తిరిగి వచ్చే బెండ్ పైపుతో సహా, రెండు కిలోల పావు.

"జూడు, అసలు మాల్" అని రఘుపతి కొత్త బెండ్ పైపును వేలికి తగిలించుకుని స్పానరుతో కొట్టాడు. "ఇన్నవా? ఇత్తడి చెంబు లెక్క ఎట్ల పల్కుతుందో."

సదయ్యకు వినిపించింది బుర్ర. చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ ఒక అరచెయ్యి దాని మీద ఆనించి, వేలి మెటికతో తట్టాడు. మళ్ళీ బుర్రే. బాయిలో అయితే ఆ పైపు కింద ఎవరినీ నిలబడనిచ్చేవాడు కాదు. తలెత్తి రఘుపతి మొఖం చూశాడు. ఆ మొఖం వెలిగిపోతోంది.

"మంచిగ పల్కుతుంది" అన్నాడు.

సైలెన్సర్ చివర చిన్న గొట్టం లాంటిది ఒకటి బిగించి ఉంటుంది. అది ఉంటే మోత తగ్గుతుంది. "గిది ఉంచుత, కాలనీల తిట్టకుంట" అన్నాడు రఘుపతి. సదయ్య తీసెయ్యమన్నాడు. రఘుపతి మరొకసారి అతని వంక చూసి, ఇక అడగడం దండగనుకుని, ఊడదీసి చేతిలో పెట్టాడు. "ఇగో కాకా, ఒక నట్టు మర బాగలేదు. నాలుగు రోజులు తిరిగినంక పట్టుకరా, మల్ల బిగిస్త."

సెల్ఫ్ నొక్కగానే బండి పొలంలో ఆయిలింజన్ లాగా అందుకుంది. కాలి కిందా గుండెలోనూ కూడా తెలిసింది. తన బండి చప్పుడు సదయ్య కొన్న రెండేళ్ళకు విన్నాడు. మనిషి ఆశ ఎట్లాంటిదంటే, షాపు నుంచి ఇల్లు చేరేలోపల, చెవులే కొంచెం తెరుచుకున్నాయేమో అనిపించింది.

ముత్యానికి కూడా బండి నచ్చింది. "గిప్పుడు మంచిగున్నదన్నా. సురువైందో లేదో తెలుస్తుంది" అని వెనక ఎక్కాడు. ఆ మాట ఎందుకన్నాడో సదయ్య ఆలోచించలేదు. మూడు రోజులు ఇద్దరూ ఊరందరి చూపుల మధ్య నుంచి బాయికి పోయి వచ్చారు. నాలుగో రోజు బాయిలో ఎప్పటిలాగే సదయ్య రూఫు తట్టాడు, ముత్యం మొఖం చూశాడు. ఎడమ మూలన రాయి కొద్దిగా కిందికి దిగినట్టు కంటికి అనిపించింది. రెండుసార్లు తట్టి ముత్యం వైపు చూశాడు. మొఖం తేటగా ఉంది. పాస్ అన్నాడు. ఎనిమిది మంది లోపలికి వచ్చి పని చేసుకున్నారు.

ఆ రోజు డ్యూటీ దిగి, పగలు మూడున్నరకు, నట్టు బిగించుకోవడానికి రఘుపతి షాపుకు పోయారు. బండి ఇంకా రోడ్డు మీద ఉండగానే రఘుపతి లేచి నిలబడ్డాడు.

"ఎన్ని రోజులాయె కాకా గిట్ల?"

సదయ్యకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు తలూపడం అతనికి అలవాటు. తలూపాడు.

"గట్లనే తిరుగుతున్నవా? ఆపకు, ఆపకు. ఉంచు." రఘుపతి బండి పక్కన గొంతుక్కూర్చుని ఎక్సిలేటర్ మెల్లగా తిప్పాడు. "గదో, చుయ్ చుయ్ మంటలేదా? గిన్నెల పాలు పిండినట్టు. బెండ్ పైపు కాడ గాలి పోతుంది. ఊరంత ఇనబడుతుంది గద."

సదయ్య విన్నాడు. బండి మోత వినబడింది, బారుగా, నిండుగా. అందులో పాలు పిండే చప్పుడు ఎక్కడా లేదు. అప్పుడు అతను, తనకు తెలియకుండానే, మూడేళ్ళుగా చేస్తున్న పనే చేశాడు. తల తిప్పి ముత్యం మొఖం చూశాడు.

ముత్యం అతని మొఖమే చూస్తున్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు అట్లా చూసుకుంటూ నిలబడిపోయారు. ముత్యం మొఖం తేటగా ఉంది, రూఫు కింద ఎప్పుడూ ఉన్నట్టే. అందులో చప్పుడు విన్న జాడ లేదు. వినబోతున్న జాడ మాత్రం ఉంది. ఎవరో ఒకరు చెప్తే వినడానికి సిద్ధంగా ఉన్న మొఖం అది.

"ఇద్దరికిద్దరు గిట్లున్నరేంది?" అన్నాడు రఘుపతి. బెండ్ పైపు అతుకు దగ్గర ఇంజను మీద నల్లగా మసి పట్టి ఉంది. దాన్ని వేలితో తుడిచి చూపించాడు. "నాలుగు రోజుల మసి ఇది. నాకు పది గజాల నుంచి ఇనబడ్డది. మీదెక్కి తిరిగెటోళ్ళు ఇద్దరు, ఒక్కల కన్న ఇనబడలేదా?"

"మోతల మోత" అన్నాడు సదయ్య.

"సరే, అర్ధగంట ఆగుండ్రి. కొత్త రింగేసి బిగిస్త."

చెవులు సరిగా లేని ఇద్దరు మనుషులు రహస్యం మాట్లాడుకోవాలంటే అరవక తప్పదు. చాయ్ హోటల్లో కూర్చుంటే లాభం లేదు. షాపు వెనక ఎవరో ఇల్లు కట్టడానికి పోయించిన కంకర కుప్పలున్నాయి. సదయ్య అటు నడిచాడు, ముత్యం వెనకే వచ్చాడు. కుప్పల మాటున ఆగి ఇద్దరూ చెరొక బీడీ ముట్టించుకున్నారు.

"ఎప్పటిసంది?" అన్నాడు సదయ్య.

"ఏంది?"

"చెవు. ఎప్పటిసంది ఇనబడ్తలేదు?"

ముత్యం బీడీ నుసి రాల్చాడు. "నాలుగేండ్లయితుందేమో. మిషన్ పట్టుకునెటోని చెవు ఎన్నేండ్లుంటదన్నా. మరి నీకు?"

"మూడు."

"నీకు గూడనా?"

"మరి రూఫు తట్టినప్పుడు నీ నొసలు ముడుసుకుంటది గద. గదెట్ల?"

ముత్యం ఆలోచించి చెప్పాడు. "నువ్వు తట్టి నా దిక్కు జూస్తవ్. ఒక్కోపారి ఊకె జూస్తవ్, ఒక్కోపారి గుచ్చి గుచ్చి జూస్తవ్. గుచ్చి జూస్తె, ఓహో ఈడ బాగలేనట్టున్నది, అన్నకు అనుమానం తాకింది అనుకుంటుంటి. నొసలు గదే ముడుసుకునేది."

"నీ నొసలు ముడుసుకుంటె నేను డ్రెస్సింగ్ అంటుంటి."

"నువ్వు డ్రెస్సింగ్ అంటె, సదన్న చెవు అసలు తప్పదు అనుకుంటుంటి."

కంకర మీద ఒక కుక్క పడుకుని ఉంది. లేచి వాళ్ళను చూసి, తినడానికి ఏమీ లేదని తెలిసి మళ్ళీ పడుకుంది.

"ఇన్నేండ్లు పడలే గదన్నా" అన్నాడు ముత్యం.

"పడలే."

"వరుసగ బోల్టులు కొడుతనే ఉన్నం గద."

"కొడుతున్నం."

"మరి ఇంకేంది. నీకు పద్నాలుగు నెలలే ఉన్నది. ఎవ్వరికి చెప్పకు. నేనైతె ఒకపారి చెప్పుకుందామనే అనుకున్న. బాయికి పనికిరాడని డాక్టర్లు రాస్తె ఇంట్ల ఒకలకు నౌకరి ఇస్తరు గద, రెండేండ్లన్న సర్వీసు మిగిలుండాలె. గని నాకు చెవుడొచ్చిందంటె ఎవరు నమ్ముతరే? కొడుకు నౌకరి కోసం ఆట ఆడుతున్నడంటరు. నవ్వుతరు. గందుకే నోరు మూసుకున్న. నువ్వు గూడ మూసుకో."

ముత్యం అరిచే చెప్పాడు కాబట్టి వినబడలేదనడానికి లేదు. కానీ సదయ్య ఆ రోజు పొద్దున లోపలికి వచ్చిన మనుషుల వరుసను తలుచుకుంటున్నాడు. ముందు ఎవరు వచ్చారు, ఎవరు ఎడమ మూలన గోడకానుకుని అన్నం డబ్బా విప్పారు.

తెల్లారి ఆరున్నరకు మస్టర్ ఆఫీసు ముందు బండి ఆపాడు. రఘుపతి బిగింపుతో బండి లోపం లేకుండా మోగుతోంది, భూపాల్ రెండు చెవులూ మూసుకుని ఎదురొచ్చాడు.

"సదన్నా, రేపటిసంది నీ బండి మోతనే సైరన్ పెట్టుకుందాం."

"భూపాల్, కర్ర ఇంకొకలకు ఇయ్యి. నాకు చెవులు ఇనబడ్తలెవ్వు."

"గా సప్పుడుకు ఎవనికి ఇనబడతయే. నాలుగు రోజులు ఇంట్ల పెట్టు బండిని, గవ్వే సక్కగైతయి."

"బండితోని కాదు. మూడేండ్లాయె."

భూపాల్ నవ్వు ఇంకా మొఖం మీదే ఉంది, కానీ దానికి ఇప్పుడు పని లేదు. "మూడేండ్లా?"

"ఆఁ."

"మరి ఇన్ని రోజులు రూఫు ఎట్ల పాస్ చేసినవ్?"

"ముత్యం మొఖం జూసి."

భూపాల్ ముత్యం వైపు తిరిగాడు. ముత్యం బూట్ల తాడు కట్టుకుంటున్నవాడిలాగా కిందికి వంగి ఉన్నాడు. భూపాల్ భుజం తట్టాడు. "ఏం ముత్యమన్నా, నీకు రూఫు పలుకు మంచిగ ఇనబడుతదా?"

"నేను సదన్న మొఖం జూసేది" అన్నాడు ముత్యం, ఇక లేవక తప్పక.

భూపాల్ ఆఫీసులోకి పోయి కుర్చీలో కూర్చున్నాడు. మూడేళ్ళలో రెండేళ్ళ పాటు ఆ షిఫ్టుకు ఓవర్‌మ్యాన్ అతనే, రిపోర్టు పుస్తకంలో సదయ్య సంతకం కింద సంతకం అతనిదే. తరువాత ఫోను అందుకుని బాయి కిందికి మాట్లాడాడు, తాను వచ్చేదాకా సదయ్య పాస్ చేసిన చోటికి ఒక్కణ్ణి కూడా పోనీయవద్దని చెప్పాడు. రెండో సర్దారు ఆగయ్యను పిలిపించి కర్ర అతని చేతికిచ్చాడు. ఇద్దరూ దిగారు.

సదయ్యా ముత్యమూ మస్టర్ ఆఫీసు బయట బల్ల మీద కూర్చున్నారు. షిఫ్టుకు దిగేవాళ్ళంతా దిగిపోయాక ఆవరణ ఖాళీ అయింది. ముత్యానికి కోపంగా ఉంది. బీడీలు తన దగ్గర ఉన్నా సదయ్యకు ఇవ్వలేదు.

తొమ్మిది దాటాక ఆగయ్య పైకి వచ్చాడు. ఒళ్ళంతా రాతిపొడి, కనురెప్పల మీద కూడా. నీళ్ళ కుండ దగ్గర రెండు గ్లాసులు తాగి, వాళ్ళ ముందుకు వచ్చి నిలబడి, ఇద్దరికీ వినబడేటట్టు గట్టిగా చెప్పాడు.

"మిగితదంత మంచిగనే ఉన్నది. ఎడమ మూల తట్టిన. బుర్ర పలికినట్టు పలికింది. రెండు గడ్డపారలు పెట్టి అట్ల కదిలిస్తిమో లేదో, వచ్చింది. నులక మంచమంత రాయి. బోల్టుల నడుమ నుంచి జారి అడ్డంగ పడ్డది."

"కింద ఎవరన్న?" అన్నాడు సదయ్య.

"ఎవ్వరు లేరు. ముందుగాల్నే అందరిని జరిపిన గద."

ముత్యం బీడీ కట్ట తీసి సదయ్య చేతిలో పెట్టాడు.

"నిన్న పాస్ చేసిందే గదన్నా అది" అన్నాడు.

"ఆఁ."

"నేను గుర్తువట్టకపోతి. నువ్వు గుచ్చి జూస్తివా ఆడ?"

"ఊకెనే జూసినట్టున్న" అన్నాడు సదయ్య.

భూపాల్ పైకి వచ్చి ఇద్దరినీ లోపలికి పిలిచాడు. దవాఖానకు పంపే కాగితాలు రాస్తూ, తల ఎత్తకుండా, రేపటి నుంచి ఇద్దరికీ ఏ డ్యూటీయో చెప్పాడు. తల వంచుకున్న మనిషి పెదవులు కనిపించవు.

"ఏమన్నవ్? ఇనబడలే" అన్నాడు సదయ్య.

మూడేళ్ళలో ఎవరినీ అతను ఆ మాట అడగలేదు. భూపాల్ పెన్ను పక్కన పెట్టి, తల ఎత్తి, మెల్లగా, గట్టిగా చెప్పాడు. సదయ్యకు ల్యాంపు రూములో దీపాలిచ్చే పని. ముత్యానికి పైననే ఏదో ఒకటి, డాక్టర్లు చెప్పాక చూద్దాం.

పగటి పూటే ఇంటికి వచ్చిన మొగుణ్ణి చూసి సారవ్వ చేట పక్కన పెట్టింది. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. సదయ్య అరుగు మీద కూర్చుని జరిగినదంతా చెప్పాడు, బండి దగ్గర మొదలుపెట్టి. ఆమె మధ్యలో ఎక్కడా ఆపలేదు, ఆశ్చర్యపోలేదు.

"చెవులు పోయినయంటున్న, ఇంటున్నవా?" అన్నాడు సదయ్య చివరికి.

"గది నాకు తెల్వదా?"

"ఎట్ల తెలుసు?"

"మూడేండ్ల సంది గొంతు చించుకుని ఎవలతోని మాట్లాడుతున్ననుకుంటున్నవ్?"

నిజమే, మూడేళ్ళుగా ఆమె గొంతు పెరిగింది. వయసు మీద పడి మనిషికి గయ్యాళితనం వచ్చిందనుకున్నాడు సదయ్య. మంచిర్యాలలో ఉండే ఆమె అన్నతో ఒకటి రెండు సార్లు ఆ సంగతి చెప్పి బాధపడ్డాడు కూడా.

"తెలిస్తె నోరు తెరిచి చెప్పవైతివి."

"నేను చెప్తె మీదికి లేస్తివి. నీ అంతట నువ్వే చెప్తవని ఏండ్లు లెక్కవెట్టుకుంట కూసున్న. రెండేండ్ల సర్వీసు ఉన్నప్పుడు చెప్తె యమునకు నౌకరి వస్తుండె. కరీంనగర్‌ల గా షాపు కౌంటర్ మీద పొద్దుగూకేదాక నిలవడే బాధ తప్పుతుండె నా బిడ్డకు. గప్పుడు చెప్పలే. గిప్పుడు, దమ్మిడికి పనికిరానప్పుడు చెప్పొచ్చినవ్. ఏం లాభం?"

ఈ మాటలన్నీ సదయ్యకు పొల్లుపోకుండా వినబడ్డాయి. పక్క క్వార్టరు వాళ్ళకు కూడా వినబడి ఉంటాయి. యమున వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఆ లెక్క అతనికి తట్టలేదని కాదు. తట్టిన ప్రతిసారీ తన చెవి పేరు ముందు అది చిన్నదిగా కనిపించింది. అది ఇప్పుడు ఎట్లా చెప్పాలి.

"ఎడమ మూలన రాయి పడ్డది" అన్నాడు.

"ఎప్పుడు?"

"పొద్దున. మంచమంత ఉన్నదట."

"ఎవలి మీద?"

"ఎవ్వలి మీద పడలే. ముందుగాల అందరిని జరిపిన్రు."

సారవ్వ చేట మళ్ళీ ఒడిలోకి తీసుకుంది. బియ్యం గింజలను వేళ్ళతో అటూ ఇటూ నెట్టింది గానీ రాళ్ళు ఏరలేదు. తరువాత చేట మీద నుంచి కళ్ళు ఎత్తకుండానే ఏదో అన్నది. గట్టిగా అనలేదు. సదయ్య ఆమె దగ్గరకు జరిగి, "ఏమన్నవ్? ఇనబడలే" అన్నాడు.